బలం, పని, శక్తి – బావి గట్టుమీద ఒక పాఠం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా జరిగిన విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదు వసంతాలు పూర్తి చేసుకొన్న ఈ తెలుగు పాఠశాలకు నా అభినందనలు. అన్నూరు ప్రాంతంలో పుట్టి, ముప్పది ఏండ్లకు పైగా పిల్లలకు భౌతికశాస్త్రం బోధించి, ఇప్పుడు విశ్రాంతిలో ఉన్న నన్ను జ్ఞాపకం ఉంచుకొని పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. నాకు ఇచ్చిన అంశం ‘బలం, పని, శక్తి’. పుస్తకంలో ఇది ఒక పాఠం. పరీక్షలో రెండు నిర్వచనాలు, ఒక లెక్క వస్తాయి. పరీక్ష ముగిసిన సాయంత్రానికి అవి మన మనస్సు విడిచి వెళ్ళిపోతాయి. ఆ పాఠాన్నే ఈ పూట బావి గట్టుమీద కూర్చుండి చదువుదామని నా కోరిక. సభలో రైతులు ఉన్నారు కనుక, నేను తప్పు చెబితే సరిదిద్దేవారు ఉన్నారన్న ధైర్యం కూడా ఉన్నది.

మొదట మాటల సంగతి. మన ఇండ్లలో బలం, శక్తి, సత్తువ అన్నవి ఇంచుమించు ఒకే అర్థంలో వాడుకొంటాము. జ్వరం వచ్చి లేచినవాడు ‘ఒంట్లో శక్తి లేదు’ అన్నా, ‘బలం లేదు’ అన్నా, అవ్వ పోసే గంజి ఒక్కటే. శాస్త్రం మాత్రం వీటిని వేరువేరు గదులలో కూర్చుండబెట్టింది. ఇక మన పిల్లలకు మరొక చిక్కు ఉన్నది. పుస్తకంలో బలం, పని, శక్తి, సామర్థ్యం అని చదువుకొని, వీధిలోకి వస్తే పక్కింటి పిల్లవాని తమిళ పుస్తకంలో అవే విసై, వేలై, ఆట్రల్, తిఱన్ అయి కనబడతాయి. ఇది పిల్లలకు భారమని అనేవారున్నారు. నా అనుభవం వేరు. ఒకే వస్తువుకు రెండు పేర్లు తెలిసిన పిల్లవాడు, పేరు వేరు, వస్తువు వేరు అన్న సంగతి తొందరగా గ్రహిస్తాడు. భౌతికశాస్త్రంలో ఆ గ్రహింపే మొదటి మెట్టు.

మా తాతగారి కాలంలో ఈ ప్రాంతపు సేద్యమంతా కవలై మీద నడిచింది. ఆంధ్రదేశంలో దీనినే కపిల అనీ, మోట అనీ అంటారు. చూడని పిల్లల కోసం చెబుతాను. బావి ఒడ్డున రెండు కంభాలు, పైన ఒక గిలక, క్రింద ఒక దొర్లుడు కర్ర. పెద్ద తోలుసంచి, దానికి ఏనుగు తొండంవంటి ఒక తోక. సంచికి లావు తాడు, తోకకు సన్న తాడు. ఆ రెండు తాళ్ళూ ఎద్దుల కాడికి కట్టి ఉంటాయి. బావి నుండి వెలుపలికి దిగుతూ ఒక వాలు బాట. ఎద్దులు ఆ వాలున దిగితే సంచి పైకి వస్తుంది, తొండం తొట్టిలోకి వంగి నీళ్ళు వదులుతుంది. అప్పుడు ఎద్దులు వెనుకకు వెనుకకు నడిచి వాలు ఎక్కుతాయి, సంచి మళ్ళీ నీటిలో మునుగుతుంది. దిగేటప్పుడు మా తాత తాడుమీద కూర్చుండేవాడు. తెల్లవారుజామున ఆ గిలక కిర్రుమనే చప్పుడు దూరపు తోటలకు వినబడేది. ఆ చప్పుడును మరచిపోకండి, లెక్కలో దానికి కూడా పద్దు ఉన్నది.

సంచిలో 100 లీటర్ల నీరు అనుకుందాం. అంటే 100 కిలోగ్రాముల ద్రవ్యరాశి. భూమి ప్రతి కిలోగ్రామును సుమారు 9.8 న్యూటన్ల బలంతో లాగుతుంది. నోటిలెక్క కోసం 10 అని తీసుకుందాం. అప్పుడు సంచి బరువు 1,000 న్యూటన్లు. సంచి ఒకే వేగంతో పైకి వస్తున్నంతసేపూ తాడులోని బలం కూడా 1,000 న్యూటన్లే, ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇది పిల్లలు నమ్మరు. పైకి వస్తున్నది కదా, లాగే బలం ఎక్కువ ఉండాలి కదా అంటారు. 1687లో వెలువడిన న్యూటన్ గ్రంథం చెప్పిన సంగతి ఇదే: బలం కావలసింది చలనానికి కాదు, చలనంలో మార్పునకు. నీటినుండి సంచి కదిలే ఆ మొదటి క్షణంలో మాత్రం బలం ఎక్కువ కావాలి. ఎద్దుల మెడ నరాలు పొంగేది అప్పుడే. బండి తోలినవారికి ఈ సంగతి న్యూటన్ చెప్పనక్కరలేకుండానే తెలుసు.

ఇక పని. బలాన్ని, ఆ బలం ఉన్న దిశలో జరిగిన దూరంతో గుణిస్తే వచ్చేది పని. నీటిమట్టం 15 మీటర్ల లోతున, అంటే సుమారు 50 అడుగుల లోతున ఉన్నదనుకొంటే, ఒక సంచికి జరిగే పని 15,000 జౌల్‌లు. ఎద్దులు సగంలో నిలిచి తాడు పట్టి ఉంటే, వాటి మెడమీద బలం ఉన్నది, దూరం లేదు, కనుక సంచిమీద జరిగిన పని సున్న. మరి ఎద్దు అలసిపోదా? అలసిపోతుంది. కండరం బిగించి ఉంచడానికే దాని ఒంట్లో ఆహారం ఖర్చవుతుంది, అది వేడిగా పోతుంది. సంచికి మాత్రం ఏమీ చేరలేదు. ఖర్చు పెట్టడం వేరు, ముట్టవలసినచోట ముట్టడం వేరు.

పదవ తరగతి చదువుతున్న రోజులలో ఈ పాఠం మా అవ్వకు చెప్పాను. కరువు వేసవిలో ఆమె మైలు దూరం నుండి నెత్తిన కుండ పెట్టుకొని నీళ్ళు తెచ్చేది. సమతలమైన దారిలో నడిచినంత దూరమూ, కుండమీద గురుత్వాకర్షణకు వ్యతిరేకంగా జరిగిన పని సున్న అని చెప్పాను. ఆమె కుండ దించి, “ఈ చదువు చెప్పినవాణ్ణి ఒక్క దినం నా వెంబడి పంపించరా” అన్నది. ఆ తరువాత నేను ఉపాధ్యాయుణ్ణి అయినాను. ఆ పాఠం చెప్పిన ప్రతి సంవత్సరమూ ముందు అవ్వ మాట చెప్పి, ఆ తరువాతనే నిర్వచనం చెప్పాను. ‘పని’ అన్న శాస్త్రపదం శ్రమకు కొలత కాదు. వస్తువుకు చేరిన శక్తికి కొలత. ఈ తేడా చెప్పకుండా నిర్వచనం మాత్రం వల్లె వేయిస్తే, శ్రమపడేవారిని శాస్త్రం ఎగతాళి చేస్తున్నదని పిల్లవాడు అనుకొంటాడు.

ఇప్పుడు వాలు బాట సంగతి చూద్దాం, నాకు ఎంతో ప్రియమైన భాగం ఇది. ఎద్దులు సమతలంమీద నడిచి లాగవచ్చు కదా, వాలు ఎందుకు? రెండు కంగాయం ఎద్దులు కలిసి 600 కిలోలు అనుకుందాం, బరువు 6,000 న్యూటన్లు. బాట పది మీటర్లకు ఒక మీటరు దిగే వాలు అయితే, ఎద్దుల బరువులో పదవ వంతు, అంటే 600 న్యూటన్లు, వాటిని క్రిందికి తానే తోస్తుంది. లాగవలసింది 1,000. కనుక కాళ్ళతో తోయవలసింది 400 మాత్రమే. సంచి 15 మీటర్లు లేచేలోగా ఎద్దులు 15 మీటర్లు నడిచి ఒకటిన్నర మీటరు దిగుతాయి. వాటి బరువు చేసిన పని 9,000 జౌల్‌లు, కాళ్ళు చేసింది 6,000. మొత్తం 15,000. ఆహా, 9,000 ఉచితంగా దొరికింది అనుకొంటాము. కాని ఎద్దులు తిరిగి ఎక్కాలి. 6,000 న్యూటన్ల బరువును ఒకటిన్నర మీటరు ఎక్కించడానికి సరిగ్గా 9,000 జౌల్‌లు కావాలి, అవి కాళ్ళే ఇవ్వాలి. వాలు ఒక్క జౌల్‌ను కూడా దానం చేయలేదు. సంచి నిండుగా ఉన్నప్పటి కష్టంలో కొంత భాగాన్ని, సంచి ఖాళీగా ఉన్నప్పటికి వాయిదా వేసింది, అంతే. తాడుమీద కూర్చున్న మా తాత బరువు కూడా అట్టిదే, ఆయన కూడా తిరిగి నడిచి ఎక్కవలసినవాడే. బలాన్ని తగ్గించుకోవడానికి ఉపాయాలున్నవి, పనిని తగ్గించుకోవడానికి లేవు. శక్తి నిత్యత్వ నియమాన్ని పందొమ్మిదవ శతాబ్దిలో పండితులు వ్రాసిపెట్టారు. బావులు తవ్విన మన పూర్వులు వాలు కొలతలో దానిని అమలు చేశారు.

గిలక చప్పుడు సంగతి చెబుతానన్నాను. ఆ చప్పుడూ, ఇరుసు వేడెక్కడమూ ఘర్షణకు చెల్లించిన సుంకం. ఇంగ్లండులో జేమ్స్ జౌల్ 1840ల నాటి ప్రయోగాలలో, క్రిందికి దిగే బరువులతో నీటిలో తెడ్డు చక్రాన్ని త్రిప్పించి, నీరు ఎంత వేడెక్కిందో కొలిచాడు. ఇంత పనికి ఇంత వేడి అన్న నిష్పత్తి ఎప్పుడూ ఒక్కటే అని తేలింది. పోయినదనుకొన్న శక్తి పోలేదు, వేషం మార్చింది. ఎద్దుకు ఆ శక్తి జొన్నచొప్ప నుండి, పత్తిగింజల నుండి వచ్చింది, వాటికి ఎండ నుండి వచ్చింది.

కాలాన్ని లెక్కలోకి తెస్తే సామర్థ్యం వస్తుంది. 15,000 జౌల్‌ల లాగుడు 20 సెకన్లలో అయితే, సెకనుకు 750 జౌల్‌లు, అంటే 750 వాట్లు. నిమిషానికి 33,000 పౌండ్లను ఒక అడుగు ఎత్తగలిగితే ఒక అశ్వసామర్థ్యం అని జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలకు కొలత పెట్టాడు. అది నేటి కొలతలో 746 వాట్లు. కాని ఎద్దులు తిరిగి ఎక్కి, సంచి నిండేసరికి ఒక నిమిషం పడుతుంది. సగటు సామర్థ్యం 250 వాట్లే. గంటకు 60 సంచులు, 6,000 లీటర్లు. ఇక్కడ ఒక లెక్క విచిత్రంగా కుదురుతుంది. నాలుగు గంటలకు 24,000 లీటర్లు, 15 మీటర్ల ఎత్తు, జరిగిన పని 36 లక్షల జౌల్‌లు. మీ ఇంటి విద్యుత్ మీటరులో ‘ఒక యూనిట్’ అని ఉండేది సరిగ్గా ఇదే. ఒక జత ఎద్దులు, ఒక మనిషి, నాలుగు గంటలు: ఒక యూనిట్.

ఆ యూనిట్ మన ప్రాంతానికి నీలగిరి కొండల నుండి దిగివచ్చింది. పైకారా జలవిద్యుత్ కేంద్రం 1932–33లో పని ప్రారంభించింది. అక్కడ నీరు 900 మీటర్లకు పైగా గొట్టాలలో దిగి చక్రాలను త్రిప్పుతుంది. పైనున్న నీటిలో ఉన్నది స్థితిజ శక్తి. దిగివచ్చినప్పుడు అది గతిజ శక్తి. ఘర్షణను విడిచిపెట్టి లెక్కవేస్తే, 900 మీటర్లు దిగిన నీటి ధార వేగం సెకనుకు సుమారు 134 మీటర్లు, గంటకు 480 కిలోమీటర్లు. ఒక్క లీటరులోని శక్తి 9,000 జౌల్‌లు. నష్టాలేవీ లేవనుకొంటే, కొండమీద ఒక లీటరు దిగితే మా తాత బావిలో 60 లీటర్లు పైకి లేస్తాయి. గతిజ శక్తిలో వేగం వర్గంగా వస్తుందన్నది గుర్తుంచుకోండి. పదునెనిమిదవ శతాబ్దిలో గ్రావెసాండే అను డచ్చి పండితుడు ఇత్తడి గుండ్లను మెత్తని మట్టిలోకి జారవిడిచి, వేగం రెట్టింపైతే గుంట లోతు నాలుగింతలవుతుందని చూపించాడు. సత్యమంగళం రోడ్డుమీద మోటారు సైకిలును 40 నుండి 80కి పెంచే యువకులు ఆ గుంటను ఒకసారి తలచుకొంటే మంచిది.

పైకారా విద్యుత్తుతో కోయంబత్తూరులో నూలుమిల్లులు పెరిగాయి, బావులమీదికి మోటార్లు వచ్చాయి. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి 1937లో తయారుచేసిన విద్యుత్ మోటారును, మన దేశంలో తయారైన మొదటిదిగా చెప్పుకొంటారు. అటుపిమ్మట కోయంబత్తూరు పంపులు దేశమంతటా నీళ్ళు తోడాయి. మా నాయన మోటారు పెట్టిన సంవత్సరం కవలై కంభాలు పీకివేశారు. ఎద్దులకు విశ్రాంతి దొరికింది, మాకు చదువుకొనే తీరిక దొరికింది. నేను ఈనాడు మీ ముందు నిలబడడానికి ఆ మోటారు ఒక కారణం. కనుక దానిని తూలనాడను.

యూనిట్ ఎంత విలువైనదో ఈ నేలకు తెలుసు. 1970లో వ్యవసాయ విద్యుత్ ధరను యూనిటుకు 8 పైసల నుండి 10 పైసలకు పెంచినప్పుడు, వైయంపాళయానికి చెందిన నారాయణస్వామి నాయుడు గారి నాయకత్వంలో రైతులు ఉద్యమించారు. ఆ సంవత్సరం జూన్ 19న పెరుమనల్లూరులో పోలీసు కాల్పులలో ముగ్గురు రైతులు ప్రాణాలు విడిచారు. 1972లో ఎద్దుబండ్లు కోయంబత్తూరు వీధులను నింపివేశాయి. నాలుగు గంటల ఎద్దుల పని 10 పైసలకు వస్తుంటే ఆందోళన ఎందుకు అని పట్టణవాసులు అడిగి ఉండవచ్చు. వారు మరచినది ఒకటున్నది: లెక్కలో 15 మీటర్లు అని మనం వేసుకొన్న అంకె అప్పటికే కదలడం మొదలుపెట్టింది.

నా అసలు మాట ఈ అంకె గురించే. పని అంటే బరువు ఇంటూ ఎత్తు. బరువు మారదు, లీటరు నీరు ఎప్పుడూ లీటరే. ఎత్తు మారింది. మా తాత 50 అడుగులకు తోడాడు. మా నాయన బావిని రెండుసార్లు లోతు చేయించాడు, ప్రక్కలకు రంధ్రాలు వేయించాడు. మా తమ్ముని కాలానికి గొట్టపు బావి 1,000 అడుగులు దాటింది. మొదటిది ఎండిపోయింది, రెండవదానిలో దుమ్ము వచ్చింది. మూడవదానికి అప్పు దొరకలేదు, మూడెకరాలు అమ్మివేశాము. 1,000 అడుగులంటే సుమారు 300 మీటర్లు. అక్కడి నుండి ఒక యూనిట్ తేగలిగేది 1,200 లీటర్లు. పంపూ మోటారూ కలిసి సగం దక్షత అనుకొంటే 600 లీటర్లు. ఒకనాడు 24,000 లీటర్లు ఇచ్చిన యూనిట్ అదే. యూనిట్ చిన్నదైపోలేదు, బావి లోతైంది.

మనం ‘కరెంటు బిల్లు’ అంటాము, ‘పవర్ వచ్చిందా’ అంటాము, ‘అయిదు హెచ్‌పి మోటారు’ అంటాము. కరెంటు వేరు, పవర్ అంటే సామర్థ్యం, అయిదు హెచ్‌పి కూడా సామర్థ్యమే. బిల్లులో ఉండేది మాత్రం శక్తి. సామర్థ్యాన్ని అది నడిచిన గంటలతో గుణిస్తేగాని శక్తి రాదు. తమిళనాడులో 1990లో రైతులందరికీ ఉచిత విద్యుత్తు వచ్చిన తరువాత బిల్లు పోయింది, బిల్లుతోపాటు ఆ గుణకారం కూడా మన తోటలలో పోయింది. ఉచిత విద్యుత్తు వద్దని నేను అనడం లేదు. అది లేకపోతే మా నాయన ఇంకా ముందే భూమి అమ్మి ఉండేవాడు. కాని ధర సున్న అయినంతమాత్రాన పని సున్న కాదు. వాలు బాటవలె ఇది కూడా కష్టాన్ని ఇంకొకచోటికి జరిపింది. రైతుకు బిల్లు రాకపోవచ్చు, లోతు అయితే వచ్చింది.

ఈ మధ్య మన వైపు ఒక గొప్ప మార్పు వచ్చింది. దశాబ్దాలు ఎదురుచూచిన అత్తికడవు–అవినాశి పథకం 2024 ఆగస్టు 17న ప్రారంభమైంది. భవానీ నదిలో కాళింగరాయన్ ఆనకట్ట దిగువన ఉండే మిగులు నీరు సంవత్సరానికి ఒకటిన్నర టీఎంసీ, ఆరు పంపింగు కేంద్రాల ద్వారా ఈరోడ్, తిరుప్పూరు, కోయంబత్తూరు జిల్లాలలోని 1,045 చెరువులకు, కుంటలకు చేరాలన్నది పథకం. ఆ కేంద్రాలలో ఒకటి మన అన్నూరులోనే ఉన్నది. ఆ నీరు ఎక్కడిదో గమనించండి. పైకారాలో దిగిన నీరు మోయారులో కలుస్తుంది, మోయారు భవానీసాగర్ వద్ద భవానిలో కలుస్తుంది. కొండ దిగి మనకు విద్యుత్తు ఇచ్చిన నీటిలో కొంత భాగాన్నే ఇప్పుడు విద్యుత్తు పెట్టి మళ్ళీ పైకి ఎక్కిస్తున్నాము. ఎద్దులు వాలు దిగి, తిరిగి ఎక్కినట్లు.

ఒకటిన్నర టీఎంసీ అంటే 150 కోట్ల ఘనపుటడుగులు, సుమారు 4,250 కోట్ల లీటర్లు. దీనిని ఒక్క మీటరు ఎత్తడానికి, నష్టాలు లేకుండానే, సుమారు 1,18,000 యూనిట్లు కావాలి. నది నుండి అన్నూరు ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నదో భూగోళం ఉపాధ్యాయుల నడిగి, గుణించి, వచ్చే సోమవారం నాకు చూపించండి. ఆ తరువాత రెండవ లెక్క: చెరువు నిండి, బావులలో నీటిమట్టం పది మీటర్లు పైకి వస్తే, చుట్టూ ఉన్న పంపులకు ఎన్ని యూనిట్లు తగ్గుతాయి? మొదటిది ఖర్చు, రెండవది రాబడి. ఏది ఎక్కువో నాకు తెలుసుననుకోకండి, నేను కూడా ఇంకా లెక్క వేస్తూనే ఉన్నాను.

మధ్యాహ్న భోజనానికి గంట కొట్టడానికి ఇంకా ఇరువది నిమిషాలున్నవి. ఈ భవనపు మేడమెట్లు నిన్న నేను టేపుతో కొలిచాను, నేల నుండి పై అంతస్తుకు సరిగ్గా నాలుగు మీటర్లు. మెట్ల క్రింద ఒక త్రాసు పెట్టించాము. తూచుకొని, ఎక్కి, పట్టిన సెకన్లు చూచుకొంటే మీ సామర్థ్యం వాట్లలో వస్తుంది. 45 కిలోల పిల్లవాడు ఆరు సెకన్లలో ఎక్కితే 300 వాట్లు, మా తాత ఎద్దుల సగటు కంటే ఎక్కువ. నాకు నిన్న ఇరువది సెకన్లు పట్టింది, 60 కిలోలకు 120 వాట్లు వచ్చాయి. తొమ్మిదవ తరగతివారు ముందు రండి, సెకన్ల ముల్లు ఉన్న గడియారం ఎవరి చేతికి ఉన్నదో చూడండి. తోపులాట వద్దు, ఒకరి తరువాత ఒకరు.